కోడిపిల్ల పేగులోకి రక్తపారుడు క్రిమి ఎట్లా చొరబడుతుంది?



వానాకాలంలో షెడ్డులో ఊక తడిసి ముద్దకట్టిందంటే, మూడు నాలుగు వారాల పిల్లల్లో రక్తపారుడు కనబడటం కోళ్ళు పెంచేవారందరికీ తెలిసిన సంగతే. పిల్లలు రెక్కలు వేలాడేసి, ఈకలు రేపుకుని, మూలన ముడుచుకుని నిలబడతాయి. మేత ముట్టవు. రెట్టలో నెత్తురు పడుతుంది. మనం కళ్ళు తెరిచేలోగా కొన్ని చచ్చిపోతాయి. దీనినే కాక్సిడియోసిస్ అంటారు.

దీనికి ఏ మందు వేయాలని అడిగేవారు చాలామంది. ఈ క్రిమి పేగు గోడలోకి ఎట్లా దూరుతున్నదని అడిగేవారు తక్కువ. దూరే దారి తెలిస్తే, మనం చేసే పనుల్లో ఏది ఎందుకు చేయాలో తేటపడుతుంది. అందుచేత ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాము.

కోళ్ళకు ఈ జబ్బు తెచ్చే క్రిములు అనేక జాతులవి. వాటిలో నెత్తురు పారించేది ముఖ్యంగా ఐమేరియా టెనెల్లా. ఇది ఒకే ఒక కణం గల జీవి. జబ్బు కోడి రెట్టతో దీని తిత్తులు లక్షల కొద్దీ బయటికి వస్తాయి. వచ్చిన వెంటనే అవి అంటుకోవు. తేమ, గాలి, వెచ్చదనం, ఈ మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో తిత్తి పక్వానికి వస్తుంది. పక్వమైన ఒక్కొక్క తిత్తిలో 8 పిల్లక్రిములు ఉంటాయి. కోడిపిల్ల ఊకలో గింజలు ఏరుకుంటూ దానిని మింగుతుంది. కందనకాయలో నలిగి తిత్తి పెంకు పగులుతుంది. పేగులోని పైత్యరసం, జీర్ణరసాలు తగలగానే పిల్లక్రిములు బయటపడతాయి.

ఇక్కడ ఒక వింత ఉన్నది. పేగు ఎంతో పొడుగు. కాని ఐమేరియా టెనెల్లా దారిలో ఎక్కడా ఆగదు. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట చివర మూసుకుపోయిన రెండు పేగు సంచులు ఉంటాయి. వీటిని అంధాంత్రాలంటారు. క్రిమి తిన్నగా అక్కడికే పోతుంది. చచ్చిన పిల్లను కోసి చూస్తే ఆ రెండు సంచులే నెత్తురుతో ఉబ్బి కనబడతాయి. కళ్ళు లేని క్రిమికి తన చోటు ఇదేనని ఎట్లా తెలిసింది?

పేగు కణాల పైభాగమంతా రకరకాల చక్కెరల పూత ఉంటుంది. ఇది మనం కాఫీలో వేసుకునే పంచదార కాదు. గొలుసుల మాదిరిగా కణం పైకి పొడుచుకుని ఉండే చక్కెరలు ఇవి. చాలా గొలుసుల కొసన సియాలిక్ ఆమ్లమనే చక్కెర ఉంటుంది. క్రిమి ముక్కు దగ్గర చిన్న చిన్న సంచులు ఉంటాయి. కణాన్ని సమీపించగానే ఆ సంచుల్లోని మాంసకృత్తులను క్రిమి బయటికి వదులుతుంది. వాటిలో ఒకదాని పేరు మిక్-3. సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకునేది ఇదే.

2011లో లండన్ ఇంపీరియల్ కాలేజీవారితో సహా ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఈ మిక్-3 రూపాన్ని పరమాణువుల మట్టానికి దిగి పరిశీలించి ప్రకటించారు. ఒకే దారానికి గుచ్చిన ఏడు పూసల వలె, ఒకే పోలిక గల ఏడు భాగాలు ఇందులో వరుసగా ఉన్నాయి. చక్కెర కొస ఇమిడే చోటు ఈ పూసల మీద ఏర్పడి ఉన్నది. చేనుగట్టు మీద నడిస్తే ఉత్తరేణి గింజలు పంచె అంచుకు పట్టుకుంటాయి కదా! ఒక్క ముల్లు పట్టు బలహీనమే. అనేక ముళ్ళు కలిసి పట్టితే దులిపినా రాలవు. అనేక పూసలు గల మాంసకృత్తుకు ఉండే లాభం కూడా ఇటువంటిదే.

ఆ శాస్త్రజ్ఞులు పలక మీద రకరకాల చక్కెరలను చుక్కలు చుక్కలుగా పెట్టి, మిక్-3 దేనికి అంటుకుంటుందో చూశారు. సియాలిక్ ఆమ్లంలో రెండు ముఖ్య రూపాలు ఉన్నాయి. రెండింటికీ తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువు మాత్రమే. ఆ పరమాణువు అదనంగా ఉన్న రూపం ఆవుల్లో, గొర్రెల్లో, పందుల్లో ఉంటుంది. కోళ్ళలో ఉండదు. మిక్-3 దానిని ముట్టనే ముట్టదు, కోడిలో ఉన్న రూపాన్నే పట్టుకుంటుంది. అంధాంత్రాల గోడకు ఇది ప్రత్యేకంగా అంటుకోవడం కూడా వారు చూశారు. తాళంచెవిని కోడి తాళానికే అరగదీసి చేసినట్టున్నది!

పట్టు చిక్కిన తరువాత మరికొన్ని మాంసకృత్తులు పని అందుకుంటాయి. క్రిమి కణంలోకి జారిపోతుంది. లోపల ఒకటి అనేకమై, కణాన్ని పగలగొట్టి, పక్క కణాల మీద పడుతుంది. పేగు గోడ చిట్లి నెత్తురు కారుతుంది. నెత్తురు మన కంటబడేసరికి చొరబాటు జరిగి నాలుగైదు రోజులు అయి ఉంటుందన్న మాట.

ఈ రూపం తెలిస్తే రైతుకేమి లాభమంటారా? రూపాన్ని బట్టి ఎదురుదెబ్బ తీయవచ్చు. మనం నీళ్ళలో కలిపే ఆంప్రోలియం మందు చేసేది అటువంటి పనే. అది విటమిన్ బి-1 పోలికలో ఉంటుంది. దానివల్ల క్రిమికి అసలు విటమిన్ అందదు. అందుకే ఆంప్రోలియం ఇచ్చే రోజుల్లో బలం కోసమని బి-1 ఉన్న టానిక్కులు కలిపి పోయకూడదు. పోస్తే మందు పని తగ్గుతుంది. మిక్-3 విషయంలో ఆలోచన వేరు. దానిని ముందే పిల్లకు పరిచయం చేస్తే, ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థాలు క్రిమికి అడ్డు తగులుతాయని ఆశ. 2011 నాటి పరిశోధనలోనే కోళ్ళ మీద ప్రాథమిక ప్రయోగం చేయగా ఆశాజనకమైన ఫలితం కనబడింది. నేడు వాడుకలో ఉన్నవి ప్రధానంగా సజీవ క్రిముల టీకాలు. వాటి తయారీ ఖర్చుతో కూడిన పని. మందులా, ఒకే మందు ఏళ్ళ తరబడి వాడిన చోట క్రిములు వాటికి లొంగడం మానేస్తున్నాయి. కాబట్టి కొత్త దారి వెతకక తప్పదు.

అంతవరకు మన చేతిలో ఉన్న పని తాళంచెవిని తాళం దాకా రానీయకపోవడం.

1. ఊకను పొడిగా ఉంచండి. తేమ లేనిదే తిత్తి పక్వానికి రాదు. నీళ్ళ తొట్ల చుట్టూ తడిసిన ఊకను ఏ రోజుకారోజు తీసివేసి పొడి ఊక వేయండి.

2. ఫినాయిలు చల్లి నిశ్చింతగా ఉండకండి. తిత్తి పెంకు మామూలు క్రిమినాశకాలకు లొంగదు. వేడి, ఎండ, ఆరుదల దానికి శత్రువులు. బ్యాచి పోగానే పాత ఊక ఎత్తివేసి షెడ్డును బాగా ఆరబెట్టండి.

3. పెద్ద కోళ్ళను, పిల్లలను కలపవద్దు. పైకి బాగున్న పెద్ద కోడి కూడా రెట్టలో తిత్తులు వేయవచ్చు. ముందు పిల్లల షెడ్డు పని ముగించుకుని ఆ తరువాతనే పెద్దవాటి దగ్గరకు వెళ్ళండి.

4. మందును పశువైద్యులు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడండి. మాంసానికి అమ్మే ముందు మందు ఆపవలసిన గడువు పాటించండి.

5. సజీవ టీకా వేయించిన పిల్లల మేతలో కాక్సిడియోసిస్ మందు ఉండకూడదు. ఉంటే టీకా క్రిమి కూడా చచ్చి, టీకా వృథా అవుతుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. రైతు అడిగినప్పుడు పొడి ఊక వేయమని చెప్పి ఊరుకోకండి. తిత్తికి తేమ ఎందుకు కావాలో, లోపలి పిల్లక్రిమి పేగును ఎట్లా పట్టుకుంటుందో కూడా చెప్పండి. కారణం తెలిసిన రైతు తడి ఊకను చూసి రేపు తీద్దాములే అనుకోడు. ఆ పూటే గంప పట్టుకుంటాడు.