పత్తి మోసే పాత వ్యానుకు క్లచ్ మార్పిడి

భైంసా చుట్టుపట్ల నల్లరేగడి భూములలో పత్తి ముఖ్యమైన పంట. ఏరిన పత్తి మార్కెట్టుకో, జిన్నింగు మిల్లుకో చేరిననే గాని రైతు చేతికి పైకము రాదు. ఈ మోతకు పలువురు పాత డీ.సీ.ఎం. వ్యానులను వాడుచున్నారు. 1980లలో డీ.సీ.ఎం. కంపెనీ జపాను దేశపు టయోటా వారితో కలిసి తయారు చేసిన బండ్ల పేరది. ఆ బండ్ల తయారీ ఆగిపోయినను, ఆ సైజు వ్యానులకు మన ప్రాంతములో నేటికిని అదే పేరు.

నింపిన బండి క్లచ్ పోయి దారిలో నిలిచినచో పత్తి రాత్రి మంచుకు తడియును. తేమ 12 శాతము మించిన పత్తిని భారత పత్తి సంస్థ కొనదు. కావున పత్తి ఏరుట మొదలు కాకముందే, భాద్రపద మాసములో, క్లచ్‌ను పరీక్షించుకొనుట మేలు.

క్లచ్ చేయు పని

ఇంజను వెనుక తిరుగు ఫ్లైవీలుకు ప్రెషరు ప్లేటు బిగించి యుండును. ఈ రెంటి నడుమ క్లచ్ ప్లేటు నొక్కుకొని, ఇంజను బలమును గేరుబాక్సుకు అందించును. పెడలు తొక్కగనే రిలీజు బేరింగు జరిగి ప్రెషరు ప్లేటు వేళ్ళను నొక్కును. అంతట క్లచ్ ప్లేటు వదులై గేరు మార్చుటకు వీలగును.

అరిగిన గుర్తులు

1. బరువుతో ఎత్తు ఎక్కునపుడు ఇంజను మోత పెరిగినను వేగము పెరగదు; మాడు వాసన వచ్చును.
2. పెడలు పూర్తిగా తొక్కినను గేరు గరగరలాడును.
3. పెడలు తొక్కినపుడు మాత్రమే చప్పుడు వచ్చినచో రిలీజు బేరింగు చెడినట్లు ఎంచవలెను.

అయితే వెంటనే విప్పించరాదు. పెడలుకు ఉండవలసిన వదులు లేకున్నను క్లచ్ జారును. తీగ బిగువును, ఆయిలుతో పనిచేయు బండ్లలో ఆయిలు మట్టమును ముందు సరిచూడవలెను. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఏవేవి మార్చవలెను?

చాలమంది క్లచ్ ప్లేటు ఒక్కటే మార్చి పొదుపు చేసితిమనుకొందురు. ఇది సరికాదు. ఈ పనిలో పెద్ద శ్రమ గేరుబాక్సు దించి తిరిగి ఎక్కించుటయే. నాలుగు నెలలకు రిలీజు బేరింగు పోయినచో ఆ కూలి మరల ఇచ్చుకొనవలెను. అదియు పత్తి నిండుగా వచ్చు రోజులలో. కావున ప్లేటు, ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు మూడును ఒకేసారి మార్పించుడు. పాత ప్లేటుకు ఆయిలు అంటియున్నచో ఇంజను వెనుక సీలును, గేరుబాక్సు ముందు సీలును చూపించుడు. కారుట ఆపక వేసిన కొత్త ప్లేటు త్వరలోనే జారును. ఫ్లైవీలుపై నీలి మచ్చలు, గాళ్ళు ఉన్నచో లేతు పట్టించవలెను. పగుళ్ళున్నచో దానినే మార్చవలెను.

పనిలో జాగ్రత్తలు

బండిని జాకీపైననే నిలిపి క్రింద దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టి, చక్రములకు అడ్డు వేసి, బ్యాటరీ తీగ తీయవలెను. గేరుబాక్సు బరువును క్లచ్ ప్లేటుపై వ్రేలాడనీయరాదు. ప్రెషరు ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా విప్పి, అట్లే బిగించవలెను. కొత్త ప్లేటును సరిగా మధ్యకు కుదిర్చిన పిమ్మటనే బిగించవలెను. లేనిచో గేరుబాక్సు షాఫ్టు ఎక్కదు. కొత్త బేరింగును కిరసనాయిలుతో కడుగరాదు, లోని గ్రీజు పోవును.

పాత ప్లేట్లలో రాతినార ఉండవచ్చును. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. గాలి కొట్టి ఎగురగొట్టక, తడిగుడ్డతో తుడిపించుడు. పిల్లలను దగ్గరకు రానీయకుడు.

ఎక్కువ కాలము మన్నుటకు

నడుపునపుడు పెడలుపై కాలు ఆనించి యుంచరాదు. మహబూబ్ ఘాటు వంటి ఎత్తులలో బండిని క్లచ్‌తో నిలుపక, బ్రేకుతో నిలుపవలెను. రేగడి బురదలో చక్రము దిగినపుడు క్లచ్‌తో పోరాడిన ప్లేటు మాడిపోవును. బరువు దించి, చక్రము క్రింద రాళ్ళు గాని కంది కట్టె గాని వేసి, ట్రాక్టరుతో లాగించుడు. కొత్త క్లచ్ వేసిన మొదటి కొన్ని దినములు తక్కువ బరువుతో నడుపుడు. బిల్లును, మార్చిన తేదీని, కిలోమీటర్ల అంకెను బండి కాగితములతో భద్రపరచుకొనుడు. రాబోవు ఏడు భాద్రపదములో అవి మీకు పనికివచ్చును.