ఖరగ్‌పూర్‌లో పొడి అక్షరం, యానాంలో పూర్తి పేరు: తాతల ఇంటిపేరు ఎక్కడ దొరుకుతుంది?

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ‘కె. అప్పారావు’ అనే పేరున్న మనిషిని బెంగాలీ పొరుగువారు ‘రావుగారు’ అంటారు. బెంగాలీల్లో వంశనామం పేరు చివర వస్తుంది, దాన్ని ‘పదవి’ అంటారు. ఆ లెక్కన చివర ఉన్న ‘రావు’ ఇంటిపేరైపోతుంది. అసలు ఇంటిపేరు ముందున్న ‘కె’లో ఉండిపోతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఇలాంటి కుటుంబాల్లో మనవలకు ఆ ‘కె’ కోరాడో, కింతలో, కర్రియో చెప్పే పెద్దలు ఇప్పుడు తగ్గిపోతున్నారు.

అయితే ముత్తాత యానాం నుంచి వచ్చినవాడైతే, వెతకడానికి ఇంకో దారి ఉంది.

గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. ఫ్రెంచి పద్ధతిలో జననం, వివాహం, మరణం మూడింటినీ అధికారి రిజిస్టరులో వాక్యాలుగా రాస్తారు. దాన్ని ‘ఎతా సివిల్’ అంటారు. జనన పత్రంలో బిడ్డ పేరుతో పాటు తల్లిదండ్రుల పేర్లు, వృత్తి, నివాసం ఉంటాయి. వంశవృక్షం గీసేవారికి ఒక్క కాగితంలో రెండు తరాలు దొరికినట్టే. పైగా 1776 నాటి రాజశాసనం ప్రకారం వలసల రిజిస్టర్ల ప్రతి ఒకటి ఫ్రాన్స్‌కు వెళ్లాలి. ఇక్కడ చెదలు తిన్నది అక్కడ మిగిలి ఉండటానికి అవకాశం అలా ఏర్పడింది. ఆ పాత రిజిస్టర్లు ఇప్పుడు దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్‌లో, వలసల పత్రాలు భద్రపరిచే జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. యానాం పుటలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు.

చిక్కు వర్ణక్రమం దగ్గర వస్తుంది. ఫ్రెంచిలో ‘ఉ’ శబ్దానికి ఓ, యు అని రెండు అక్షరాలు రాస్తారు. ‘చ’కు టి, సి, హెచ్ మూడూ కావాలి. ‘జ’ ముందు డి చేరుతుంది. ‘బులుసు’లో మూడు ఉకారాలకు మూడు జతల అక్షరాలు పడతాయి. ఇంగ్లిష్ వర్ణక్రమంతో వెతికితే ఎదురుగా ఉన్న పేరు కూడా కనిపించదు. ఇంటిపేరు కింద దొరక్కపోతే సొంత పేరు కింద కూడా చూడాలి. మన వరస తెలియని గుమాస్తా దేన్ని వంశనామం అనుకున్నాడో ముందే చెప్పలేం.

ఫ్రెంచి ఇంటిపేరు కనిపిస్తే ఏమనుకోవాలి? ఫ్రెంచి రక్తం ఉందని మాత్రం వెంటనే అనుకోకూడదు. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం, ఫ్రెంచి ఇండియాలోని భారతీయులు తమ మత, కుల ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి రావచ్చు. అలా వచ్చినవారిని ‘రెనోన్సాంట్లు’ అన్నారు. వారు తమకూ తమ సంతానానికీ ఒక వంశనామం ఎంచుకుని ఆ పత్రంలోనే నమోదు చేయించాలి. వెనక్కి వెళ్లే వీలు లేదు. 1873లో బూట్లు వేసుకుని కోర్టుకు వెళ్లి వివాదంలో పడిన పుదుచ్చేరి న్యాయవాది పొన్నుతంబి పిళ్లై ఇలాగే ‘లాపోర్త్’ అయ్యారు. పేరు వినగానే కులం తెలిసిపోయే సమాజంలో, కులం చెప్పని పేరు ఎందుకు కావాల్సివచ్చిందో తెలుగువారికి వివరించనక్కర్లేదు. వంశం వెతికేవారికి ఆ పరిత్యాగ పత్రమే వంతెన, పాత మనిషినీ కొత్త పేరునూ కలిపేది అదే.

ఇక చాలామంది అడిగేది ఫ్రెంచి పౌరసత్వం గురించి. 1956లో సంతకాలైన విలీన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. యానాంలో పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు ఆ రోజు భారత పౌరులయ్యారు. ఫ్రెంచి జాతీయత ఉంచుకోదలచినవారు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది. యానాంలో పుట్టి ఖరగ్‌పూర్ లాంటి చోట ఉద్యోగంలో ఉన్నవారికీ అంతే. కాబట్టి తాత యానాంలో పుట్టాడన్న జనన పత్రం ఒక్కటే సరిపోదు. 1962లో ఆయన ఎక్కడున్నాడు, ఆ ఆరు నెలల్లో ఏం రాసిచ్చాడు అన్నది తేలాలి.