సెలూను కారా, ఎస్టేటు కారా?

జర్మనీ దేశములో క్రొత్త కారు కొనబోవు కుటుంబము విక్రయశాలలో అడుగిడగానే తరచుగా ఒక చిక్కు ఎదురగును. ఎదుట రెండు కార్లు నిలిచియుండును. రెంటికిని పేరు ఒకటే, ఇంజను ఒకటే, చక్రములు ఒకటే. ముందు తలుపుల వరకు రూపము కూడ ఒకటే. వెనుక సీటు దాటిన పిమ్మట మాత్రము ఒకదాని పైకప్పు క్రిందికి వాలి డిక్కీగా ముగియును. రెండవదాని పైకప్పు వాలక చివరివరకు సాగి, ఒక పెద్ద నిలువు తలుపుతో ముగియును. ఈ రెండింటిలో దేనిని తీసుకొనవలెను? అందులోను, కొనువానికి వేగముపై మక్కువ ఉన్నచో ఆ రెండవదానిని తీసుకొనుట తెలివియేనా? ఇదే నేటి మా ప్రసంగవిషయము.

ముందుగా పేర్లను గూర్చి ఒక మాట. మొదటి రకము కారును ఇంగ్లండులో సెలూను అందురు. మనవారికి సెలూను అనగానే క్షౌరశాల తలపునకు వచ్చును గనుక కాబోలు, మన దేశములో సెడాన్ అను అమెరికా మాటయే నేడు వాడుకలో స్థిరపడినది. రెండవదానిని ఇంగ్లండులో ఎస్టేటు కారు అందురు. పల్లెపట్టుల పెద్ద భూస్వాముల ఎస్టేటులలో అతిథులను, వేటకుక్కలను, తుపాకులను, పెట్టెలను ఒకే బండిలో మోయవలసిన అవసరమునుండి పుట్టిన పేరది. అమెరికాలో రైలు స్టేషనునుండి మనుష్యులను సామానును తెచ్చునది గనుక స్టేషన్ వాగన్ అయినది. జర్మనులు కాంబీ అందురు. స్వీడనులోని వోల్వో కంపెనీవారు 1953లో తమ ఎస్టేటునకు డ్యుయెట్ అని పేరు పెట్టిరి. వారమంతయు వ్యాపారమునకు, ఆదివారము కుటుంబమునకు, అనగా రెండు కార్లు ఒకదానిలోనే అని వారి భావము.

ఇట్లు ఎస్టేటు కారు పుట్టుకతోనే బరువు మోయు బండి. దానిని వేగముగా నడుపవలెనను కోరిక తరువాత పుట్టినది. బ్రిటనులో రిలయంట్ అను చిన్న కంపెనీవారు 1968లో సిమిటార్ జి.టి.ఇ. అను కారును తెచ్చిరి. ఫైబర్ గ్లాసు ఒడలు, 3 లీటర్ల ఫోర్డు ఇంజను, వెనుక నిలువుగా తెరచుకొను అద్దపు తలుపు, విడివిడిగా మడచుటకు వీలగు రెండు వెనుక సీట్లు దాని ప్రత్యేకతలు. రాకుమారి ఆన్ ఈ కారును ఎంతో ఇష్టపడి, ఒకదాని తరువాత ఒకటిగా పలు సిమిటార్లను వాడినది. పోటీ కారు వలె పరుగెత్తుచు, గుఱ్ఱపు జీనులను కూడ మోయగల బండి అవసరమైనవారు ఉన్నారని దీనివలన తేలినది.

అయినను ఈ రకమునకు నిజమైన గౌరవము తెచ్చినది జర్మనులే. దానికి కారణము వారి రహదారులలోనే కలదు. ఆటోబాన్ అను పెద్ద రహదారులపై పలుచోట్ల వేగమునకు పరిమితి లేదు; గంటకు 130 కిలోమీటర్లు మంచిదను సలహా మాత్రమే కలదు. భార్యాబిడ్డలతో, మంచుపై జారు పలకలతో, కుక్కతో ఆల్ప్స్ పర్వతములకు పోవు గృహస్థు ఆ దారిలోనే పోవలెను. అట్టివానికి వేగము, స్థలము రెండును ఒకే బండిలో కావలసివచ్చెను.

1994లో ఆడి కంపెనీవారు పోర్షె కంపెనీవారితో కలిసి ఆర్.ఎస్.2 అవాంట్ అను కారును నిర్మించిరి. ఆడి 80 అను సాధారణమైన కుటుంబపు కారు యొక్క ఎస్టేటు రూపమే దానికి పునాది. దానిలో అయిదు సిలిండర్లు, టర్బో గల 2.2 లీటర్ల ఇంజనును పెట్టి 315 అశ్వశక్తిని రాబట్టిరి. బ్రేకులు, చక్రములు, అద్దములు పోర్షెవారివి. స్టుట్ గార్ట్ నగరములోని పోర్షె కర్మాగారములోనే ఆ కార్లు తయారైనవి. నిలిచియున్నది కదలి సుమారు 5 సెకండ్లలోనే గంటకు 100 కిలోమీటర్ల వేగమునందుకొనెడిది. 1995 వరకు 2,891 కార్లు మాత్రమే తయారైనవి. ఇందులో గమనింపదగిన విషయమేమనగా, ఆడివారి ఆర్.ఎస్. కార్ల వంశమునకు మూలపురుషుడు సెలూను కాదు, ఎస్టేటు. 2013 నుండి ఆ వంశములోని ఆర్.ఎస్.6ను ఎస్టేటుగా మాత్రమే చేయుచున్నారు.

అదే 1994లో బ్రిటిష్ టూరింగ్ కార్ల పందెములలో మరియొక వింత జరిగినది. వోల్వోవారు టామ్ వాకిన్ షా సంస్థతో కలిసి, ఎక్కువగా సెలూనులే పోటీపడుచున్న ఆ పందెములలో తమ 850 ఎస్టేటును దింపిరి. స్వీడను దేశపు రికార్డ్ రైడెల్, హాలెండు దేశపు యాన్ లామర్స్ అను ఇద్దరు వానిని నడిపిరి. ప్రేక్షకులు నవ్విరి. వోల్వోవారు ఆ నవ్వునకు నొచ్చుకొనక, ఒక ప్రదర్శనపు చుట్టులో కారు వెనుక భాగమున పెద్ద బొమ్మకుక్కను కూర్చుండబెట్టిరి. ఆ సంవత్సరము ఒక్క పందెమైనను ఆ కారు గెలువలేదు; 5వ స్థానమే దాని ఉత్తమ ఫలితము. మరుసటి యేడు వెనుక రెక్కలను అమర్చుకొనుటకు నియమములు అనుమతించెను. డిక్కీమీద రెక్క నిలుపగల సెలూనునకు దానివలన లాభము హెచ్చు. వోల్వోవారు ఎస్టేటును విడచి సెలూనుకు మారిరి. 1995లో రైడెల్ మొత్తము పోటీలో 3వవాడైనాడు. పందెపు బాటపై సెలూనుదే పైచేయి అని ఒప్పుకొనవలసినదే. అయితే విక్రయశాలలో ఆ బొమ్మకుక్క చేసిన మేలు ఏ బహుమతియు చేసియుండదని మా అభిప్రాయము.

ఇక పందెము విడచి మామూలు దారికి వత్తము. అచ్చట ఎస్టేటు ఎంత వెనుకబడును? బి.ఎం.డబ్ల్యు. వారి ఎం.5 అను కారును 2024లో సెలూనుగాను, టూరింగ్ అను పేర ఎస్టేటుగాను విడుదల చేసిరి. రెంటికిని 727 అశ్వశక్తి గల ఒకే యంత్రసామగ్రి. గంటకు 100 కిలోమీటర్ల వేగమునందుకొనుటకు సెలూనునకు 3.5 సెకండ్లు, ఎస్టేటునకు 3.6 సెకండ్లు. ఎస్టేటు బరువు సుమారు 40 కిలోలు హెచ్చు. అనగా వెనుక సీటులో ఒక బడిపిల్లవాడు ఎక్కినంత. ఈ భేదమును గడియారము కనిపెట్టునే గాని మనిషి కనిపెట్టలేడు. వేగము పోవునను భయముతో ఎస్టేటును మానుకొనువారు లేని భూతమునకు భయపడుచున్నారు.

మరి స్థలము? ఇచ్చటనే కొనువారు ఎక్కువగా మోసపోవుదురు. ఆ సెలూను డిక్కీ 466 లీటర్లు, ఎస్టేటు వెనుక భాగము 500 లీటర్లు అని కంపెనీవారి పట్టిక చెప్పును. భేదము 34 లీటర్లు, అనగా రెండు బిందెల నీటికి మించదు! ఇంతమాత్రమునకు ఎక్కువ సొమ్ము ఈయవలెనా అని తోచును. కాని ఆ లెక్క కట్టు విధానమును తెలిసికొనవలెను. ఒక్కొక్కటి ఒక లీటరు పరిమాణము గల దిమ్మెలను లోపల పేర్చి, ఎన్ని పట్టునో లెక్కింతురు. ఎస్టేటులో ఆ దిమ్మెలను కిటికీల అంచువద్ద నుండు తెర వరకే పేర్తురు. తెర పైనుండి కప్పు వరకుగల చోటు ఆ లెక్కలోనికి రాదు. వెనుక సీట్లను మడచి, కప్పు వరకు పేర్చినప్పుడు అదే ఎస్టేటు 1,630 లీటర్లు పట్టును. సెలూనులో సీట్లు మడచినను సీట్లవెనుక నుండు చట్రము, వాలిన అద్దము అడ్డుపడును.

అంతకన్న ముఖ్యమైనది ద్వారము. సెలూను డిక్కీ లోపల విశాలముగానే యుండును గాని, దాని నోరు చిన్నది. ఈ సంగతి మాకు స్వానుభవమున తెలిసినది. ఒకప్పుడు బయటి ఊరి కచ్చేరిని రికార్డు చేయుటకై ఒక వైణికురాలిని మా కేంద్రమునుండి సెలూను కారులో తీసుకొని పోవలసివచ్చెను. వీణ పొడవు సుమారు నాలుగడుగులు. డిక్కీలో దానికి పట్టు చోటు ఉన్నది. లోపలికి పోవు దారి లేదు. కుండ ఒకవైపు, యాళిముఖము ఒకవైపు తగులుచుండ, త్రిప్పి త్రిప్పి విసిగి, తుదకు వీణను వెనుక సీటులో పరుండబెట్టి, మేము ముగ్గురము ముందు సీటులోను, మిగిలిన మూలలోను ఒదిగి ప్రయాణము చేసితిమి. ఆమె దారిపొడవునను వీణ తలను ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. ఎస్టేటు అయియున్నచో సీటులో సగము మడచి, వీణను తిన్నగా లోనికి జరిపి, తలుపు మూసియుందుము.

ఇన్ని చెప్పి ఎస్టేటు లోపములను దాచుట న్యాయము కాదు.

సెలూనులో వెనుక సీటునకును డిక్కీకిని నడుమ ఉక్కు చట్రము ఉండును. అది కారు ఒడలిని మెలిపడనీయదు. టైర్ల ధ్వనిని కూడ కొంత ఆపును. ఎస్టేటులో ఆ అడ్డు లేదు. పైగా వెనుక పెద్ద ద్వారము కోసిరి. ఆ బలహీనతను పూరించుటకు నిర్మాతలు అదనపు ఉక్కును వాడుదురు. బరువు హెచ్చుట కది యొక కారణము. ధ్వని మాత్రము పూర్తిగా తీరదు. గరుకు దారిపై వెనుకనుండి వచ్చు గుంయిమను మ్రోత ఎస్టేటు వాడినవారికందరికి పరిచితమే. వెనుక చక్రములకు వెడల్పైన గట్టి టైర్లు వేసిన వేగపు కార్లలో ఇది మరింత. వినికిడి వృత్తిగా గల మావంటివారు ఈ విషయములో కొంచెము కఠినముగా నుందుమేమో!

వెనుక అద్దము మురికి పట్టుట మరియొకటి. గాలి ఆ నిలువు గోడను అంటిపెట్టుకొని దిగలేక విడిపోవును. కారు వెనుక పీడనము తగ్గిన చోటు ఏర్పడి, చక్రములు చిమ్మిన దుమ్మును నీటిని అద్దము పైకి లాగుకొనును. అందువలననే ఎస్టేటు వెనుక అద్దమునకు తుడుపుకర్ర ఉండును. సెలూనునకు సామాన్యముగా ఉండదు.

అన్నిటికంటె శ్రద్ధ వహింపవలసినది సామాను భద్రత. జర్మనీలోనో స్వీడనులోనో స్థిరపడిన తెలుగు కుటుంబమును తలచుకొనుడు. స్వదేశమునుండి తల్లిదండ్రులు వచ్చిరి. విమానాశ్రయమున నాలుగు పెద్ద పెట్టెలు, ఆవకాయ డబ్బాలు, బియ్యపు పిండి మూటలు. సెలూనైనచో రెండు మూడు పెట్టెలు పట్టి, మిగిలినది ఎవరి ఒడిలోనికో చేరును. ఎస్టేటులో నాలుగును పట్టును; అయితే పై పెట్టె సీట్ల తలలకంటె ఎత్తుగా నిలుచును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనినో ఢీకొని అర మీటరు దూరములో ఆగిపోయినదనుకొందము. లెక్క కట్టినచో లోపలి వస్తువులు తమ బరువునకు సుమారు 20 రెట్ల బలముతో ముందునకు దూకును. 20 కిలోల పెట్టె 400 కిలోల తాకిడి అగును. అది తాకునది వెనుక సీటున కూర్చున్న అమ్మమ్మ తలనే. సెలూనులో ఈ అపాయమును డిక్కీ గోడ చాలవరకు ఆపును. ఎస్టేటులో ఆ పని చేయవలసినది సీట్ల వెనుక కట్టు గట్టి వల. కొన్ని కార్లకు అది వెంట వచ్చును, కొన్నింటికి వేరుగా కొనవలెను. పాలిష్ చేసిన చక్రములకు సొమ్ము వెచ్చించి ఈ వలను వద్దనువారిని మేము మెచ్చజాలము. బరువైన పెట్టెలను అడుగున, సీటు వీపునకు ఆనించి పెట్టవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

మన దేశమున ఎస్టేటునకు ఆదరణ దొరకలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చినది, తరువాత మారుతి బలెనో ఆల్టురా, స్కోడా ఆక్టేవియా కాంబీ వచ్చినవి, ఒక్కటియు నిలద్రొక్కుకొనలేదు. డిక్కీ వెనుకకు పొడుచుకొని యున్నదే పూర్తి కారు అనియు, నిలువు తలుపు గలది అంబులెన్సు వంటిదనియు మనవారి మనస్సున నాటుకొనియుండెను. ఆ తరువాత ఎత్తైన జీపు తరహా బండ్లు వచ్చి ఆ చోటును ఆక్రమించుకొనినవి. ఎత్తైన బండి మలుపులలో ఒరగును. ఎస్టేటు సెలూనువలెనే నేలకు అంటి పోవును. ఈ ఒక్క గుణమును మనవారు చవిచూడకయే త్రోసిపుచ్చిరని మాకు కొంత చింత కలదు.

కావున ఎవరు దేనిని కొనవలెను? ఇంటిలో రెండు కార్లున్నచో, ప్రయాణములలో పెట్టెలు తప్ప మరేమియు లేనిచో, నిశ్శబ్దమునకు విలువనిచ్చు వారైనచో సెలూనే మేలు. అందులో చిన్నతనమేమియు లేదు. ఇంటికి ఒక్కటే కారు, అందులోనే సైకిలు, కుక్క, వాద్యము, పిల్లల తోపుడుబండి పోవలెను, నడుపువానికి మలుపులలో ఉత్సాహము కూడ చావలేదు అన్నచో ఎస్టేటును తీసుకొనుటయే మంచిదని మా నిశ్చయము. ధర సాధారణముగా కొంత హెచ్చుగా నుండును. దానితోపాటు వల వెలను కూడ కలిపి బేరమాడవలెను.

విక్రయశాలకు పోవునప్పుడు లీటర్ల పట్టికను ప్రక్కన పెట్టి, ఒక కొలత టేపును వెంట తీసుకొనిపోవుడు. వెనుక ద్వారము వెడల్పెంత, ఎత్తెంత, దాని గడప నేలనుండి ఎంత ఎత్తున నున్నది అను మూడు కొలతలు తీసికొని, ఇంటనున్న పెద్ద వస్తువు కొలతతో సరిచూచుకొనుడు. కుక్క ఉన్నవారు దానిని కూడ వెంటబెట్టుకొని పోయి, ఆ గడపపైకి అది ఎగురగలదో లేదో అక్కడనే చూచుకొనవచ్చును.