పిల్లల మందుచీటీలో కారణం రాయమని అడుగుదాం

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏ దళితవాడకు పోయినా, బిడ్డకు జ్వరం వస్తే తల్లి ముందుగా వేసుకునే లెక్క ఒకటే: రేపటి కూలి ఉంటుందా, పోతుందా? మామిడి తోటకో టమోటా కోతకో పోయి ఇల్లు చేరేసరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ అయిపోయి ఉంటుంది. ఆ వేళ తలుపు తెరిచి ఉండేది ఆర్‌ఎంపీ, మందుల షాపు. అక్కడ ఒక సూదిమందు వేస్తారు, ఒక యాంటీబయాటిక్ సిరప్ చేతిలో పెడతారు.

జనానికి అవగాహన లేక యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడుతున్నారని పట్నంలో సభలు పెట్టి చెబుతుంటారు. అందులో సగమే నిజం. మిగతా సగం మనం చెప్పాలి. అక్కరలేని యాంటీబయాటిక్ తాగించేదీ, అక్కరైన యాంటీబయాటిక్ వేళకు అందనిదీ ఒకే వాడలో. రెండింటికీ మూలం ఒకటే: మన పిల్లల వైద్యానికి జవాబు చెప్పేవాళ్లు లేకపోవడం.

మందు ఎప్పుడు పనిచేయదు?

యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది. వైరస్‌ను ఏమీ చేయలేదు. పిల్లలకు వచ్చే జలుబు, ముక్కు కారడం, మామూలు దగ్గు చాలావరకు వైరస్ వల్లే. డెంగీ కూడా వైరసే. నీళ్ల విరేచనాల్లోనూ ఎక్కువ భాగం అంతే. వాటికి కావాల్సింది ఓఆర్‌ఎస్, 14 రోజుల జింకు, తల్లిపాలు, తిండి.

అనవసరంగా యాంటీబయాటిక్ ఇచ్చిన ప్రతిసారీ ఒంట్లోని బలహీనమైన బ్యాక్టీరియా చచ్చి, మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఇరుకు ఇళ్లలో, మురుగు పారే వీధుల్లో అవి ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు పాకుతాయి. మందుకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా దాదాపు 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం లెక్కగట్టింది. చవక మందు పనిచేయకపోతే ఖరీదైన మందు కొనాలి. అది కొనలేని ఇల్లే ముందు నష్టపోతుంది.

ఇది మన పక్కనే కనిపించిన విషయం. చిత్తూరును ఆనుకుని ఉన్న వేలూరుతో కలిపి ఎనిమిది దేశాల్లో ఎనిమిది చోట్ల మాల్-ఎడ్ అనే అధ్యయనం జరిగింది. పిల్లలను పుట్టినప్పటి నుంచి రెండేళ్ల దాకా గమనించారు. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం అన్ని చోట్లా కలిపి సగటున ఒక్కో బిడ్డకు ఏడాదికి దాదాపు 5 సార్లు యాంటీబయాటిక్ కోర్సు పడింది. విరేచనాలు పట్టినప్పుడు దాదాపు సగం సార్లు అదే ఇచ్చారు.

మందు ఎప్పుడు తప్పనిసరి?

"యాంటీబయాటిక్ వద్దు" అనే నినాదం కూడా ప్రమాదమే. న్యుమోనియా పట్టిన బిడ్డకు అది ప్రాణం నిలిపే మందు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. 2 నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించి ఉంటే ఆలస్యం చేయకూడదు. ఊపిరి పీల్చేటప్పుడు డొక్క లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా, తాగినదంతా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. 2 నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో ఉంచుకోకూడదు. విరేచనంలో నెత్తురు పడితే డాక్టరు చూడాల్సిందే.

మామూలు న్యుమోనియాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట చెప్పే మందు అమాక్సిసిలిన్. చవకైన పాత మందు. నీళ్లలో కరిగే బిళ్లగా కూడా వస్తుంది కాబట్టి ఫ్రిజ్ లేని ఇంటికి అనుకూలం. అదే సంస్థ యాంటీబయాటిక్స్‌ను మూడు గుంపులు చేసింది. ముందుగా వాడాల్సినవి, జాగ్రత్తగా వాడాల్సినవి, చివరి అస్త్రంగా దాచుకోవాల్సినవి. అమాక్సిసిలిన్ మొదటి గుంపులోది. మాటిమాటికీ రాసే సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ రెండో గుంపులోవి.

అడిగే హక్కు ఉంది

2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 కింద సెఫిక్సిమ్ లాంటి మందులు అమ్మిన ప్రతిసారీ షాపువాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారో విడి రిజిస్టర్‌లో రాయాలి. దాన్ని మూడేళ్లు ఉంచాలి. యాంటీబయాటిక్ రాస్తే ఎందుకు రాశారో కూడా చీటీలో పెట్టాలని 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ డాక్టర్లను కోరింది.

కాబట్టి డాక్టరమ్మనో డాక్టరుగారినో నాలుగు మాటలు అడుగుదాం. ఇది యాంటీబయాటిక్కేనా? ఏ జబ్బుకు? బిడ్డ బరువు చూసి రాశారా? ఎన్ని రోజులు వేయాలి, ఎప్పుడు మళ్లీ రావాలి? పిల్లల మోతాదు బరువును బట్టే ఉంటుంది. బరువు చూడకుండా రాసిన చీటీని ప్రశ్నించడం తప్పు కాదు.

ఆర్‌ఎంపీని తిట్టి చేతులు దులుపుకుంటే పని జరగదు. సర్కారు వైద్యం అందని వేళకు ఆయన అందుతున్నాడు. కూలి జనం తిరిగొచ్చే సాయంత్రం ఓపీ ఉండాలి. విలేజ్ క్లినిక్‌లో ఓఆర్‌ఎస్, జింకు, ఆరోగ్య కేంద్రంలో అమాక్సిసిలిన్ బిళ్లలు ఎప్పుడూ నిల్వ ఉండాలి. టీకాలు ప్రతి బిడ్డకూ అందాలి. రోటావైరస్ టీకాను 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. న్యుమోకాకల్ టీకా 2021 నాటికి దేశమంతా వచ్చింది. వీటన్నిటికంటే ముందు వాడకు మంచినీళ్లు రావాలి. 1927లో మహాడ్ చెరువు దగ్గర బాబాసాహెబ్ అడిగిన నీళ్ల హక్కు ఈనాటికీ పిల్లల ఆరోగ్యానికి మొదటి మెట్టు.

తిరుపతిలో వైద్యం, నర్సింగ్, ఫార్మసీ చదివే మన పిల్లలు ఒక పని మొదలుపెట్టవచ్చు. కుటుంబాల అనుమతితో, పేర్లు తీసేసి, వాడల్లోని పిల్లల చీటీలు పోగుచేయండి. చూడాల్సినవాటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే చెప్పింది: చీటీకి సగటున ఎన్ని మందులు, ఎన్నింటిని జనరిక్ పేరుతో రాశారు, ఎన్ని చీటీల్లో యాంటీబయాటిక్, ఎన్నింటిలో సూదిమందు, ఎన్ని మందులు అత్యవసర మందుల జాబితాలోవి. ఆ ఐదు అంకెలు చేతిలో పెట్టుకుని జిల్లా వైద్యాధికారి దగ్గరికి పోదాం. అప్పుడు అవగాహన లేదన్న మాట మనమీద వేయడం అంత తేలిక కాదు.