పెట్టుబడి విశ్లేషణకు దారి: నరసరావుపేట పట్టభద్రుల ఎంపిక

నరసరావుపేటలో బి.కాం. ముగించి పెట్టుబడి విశ్లేషకులు కాదలచిన వారి ముందు తరచుగా నిలిచేవి రెండు దారులు: హైదరాబాదులో ఫండ్ అకౌంటింగ్, లేదా బ్యాంకు రుణ విభాగం. మొదటిది పేరుకు పెట్టుబడి రంగమే. కాని అక్కడి పని ఇతరులు కొన్న షేర్ల విలువను లెక్కగట్టి నమోదు చేయడం. ఏది కొనాలన్న ప్రశ్న ఆ బల్ల దాకా రాదు. రుణాధికారి మాత్రం జిన్నింగ్ మిల్లు బ్యాలెన్స్ షీటు చదువుతారు, నిల్వ ఉన్న పత్తిని కళ్ళారా చూస్తారు, ధర పడితే అప్పు తీరుతుందా అని తర్కిస్తారు. విశ్లేషణకు మూలం ఈ తర్కమే.

అయితే రుణదాతకు అసలు, వడ్డీ వస్తే చాలు. వాటాదారుకు వ్యాపారం ఎంత పెరుగుతుందో కూడా తెలియాలి. సెబీ 2014 నిబంధనలు కోరే ఎన్.ఐ.ఎస్.ఎం. ధ్రువపత్రం ఈ లోటు తీర్చదు. ఉద్యోగంలో ఉండగానే కంపెనీల వార్షిక నివేదికలు చదివి, సొంత అంచనాలు రాసిపెట్టుకొని, ఏడాది తరువాత వాటిని ఫలితాలతో సరిచూసుకోవాలి.