టస్కనీ తెల్లబాటలు

ఇటలీ దేశమందలి టస్కనీ ప్రాంతమున, సియెనా నగరము చుట్టును, అలలవలె లేచి పడు మెట్టనేలలు గలవు. ద్రాక్షతోటలు, ఓలివుతోపులు, గోధుమచేలు, వీని నడుమ తెల్లని కంకర త్రోవలు సాగుచుండును. వానిని అచ్చటివారు స్ట్రాదె బియాంకె, అనగా తెల్లబాటలు, అందురు.

తారుపూత వ్యాపించిన కొలది ఈ పల్లెత్రోవలు మాయమగుచుండెను. వానిని నిలుపుకొనుటకై 1997వ సంవత్సరమున గయోలె గ్రామమునందు లెరోయికా యను సైకిలుయాత్ర నారంభించిరి. 1987కు పూర్వపు సైకిళ్లకును ఆ తీరువానికిని మాత్రమే అందు ప్రవేశము. 2007 నుండి ఆ ప్రాంతపు తెల్లబాటలమీద గొప్ప పందెమొకటి జరుగుచున్నది. అది సియెనాలోని కాంపో బయలున ముగియును.

తారురోడ్డుపై నేర్చిన నేర్పు కంకరపై చాలదు. టైరు వెడల్పుగా నుండవలెను. గాలి కొంచెము తక్కువైనచో అది ఱాళ్లపై ఎగిరిపడక వానిని హత్తుకొనును. మిట్ట నెక్కునపుడు సీటుపై కూర్చుండియే త్రొక్కవలెను. లేచి నిలిచినచో వెనుకచక్రముపై బరువు తగ్గి అది జారును. మలుపునకు ముందే వేగము తగ్గింపవలెను గాని, మలుపులో ముందుబ్రేకు గట్టిగా పట్టరాదు. మా యూరి మొరము బాటపై ఈ తప్పు చేసియే మేము మోకాలు గీరుకొంటిమి. మా తమ్ముడు నేటికిని నవ్వుచుండును.

తారు పూసిన దుమ్ము తగ్గును గదా యని అడుగవచ్చును. బాటప్రక్కన కాపురముండు గృహిణి మాటను మేము కాదనజాలము. అయినను మోటారుల వేగము హెచ్చినచోట సైకిలునకును కాలినడకకును చోటు తగ్గును. లెరోయికాకు తొలియేట వచ్చినవారు నూర్గురైనను లేరు; ఇప్పుడు వేలకొలది వచ్చుచున్నారు.