సాహిత్యం చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?

ప్లస్ టూ ఫలితాలు రాగానే పళ్ళిపట్టు, పొదటూరుపేట ప్రాంతాల ఇళ్లలో మాట దాదాపు ఒక్కటే. అబ్బాయికి ఇంజినీరింగు, అమ్మాయికి నర్సింగో బీకామో. సాహిత్యం చదువుతానని అమ్మాయి అంటే "అది చదివి ఏం చేస్తావమ్మా?" అంటారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మగ్గం మీద సంపాదించిన డబ్బు ఫీజుగా కట్టే తండ్రికి అడిగే హక్కు ఉంది. దానికి వీలైనంత సూటిగా జవాబు చెబుదామని మా ప్రయత్నం.

ఇంగ్లిషు ఎంఏలో ఇప్పుడు రెండు మాటలు బాగా వినిపిస్తున్నాయి: వలసానంతర సాహిత్యం, జెండర్ అధ్యయనం. పేర్లు బరువుగా ఉన్నాయి గానీ విషయం మనకు కొత్త కాదు. పరాయి పాలన పోయాక కూడా మన భాషలో, చదువులో, ఆలోచనలో దాని ముద్ర ఎంత మిగిలిందో చూడడం మొదటిది. ఆడవాళ్లు ఇలా ఉండాలి, మగవాళ్లు అలా ఉండాలి అనే కట్టుబాట్లు ఎక్కడి నుంచి వచ్చాయో పరిశీలించడం రెండోది. కెన్యా రచయిత గూగీ వా థియాంగో చిన్నప్పుడు బడిలో సొంత భాష గికుయులో మాట్లాడిన పిల్లలకు శిక్ష పడేది. 1986లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఆ సంగతి రాశారు. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చిన తిరుత్తణి తాలూకా వాళ్లకు, బడిలో తెలుగు నిలవాలని నేటికీ పోరాడుతున్న మనకు, ఆ పుస్తకం ఎంత దగ్గరిదో వేరే చెప్పాలా?

ఈ రెండు అధ్యయనాలూ ఒక్కచోట కలిసే కథ మన తెలుగులోనే ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని 'రాధికాసాంత్వనము' రాసింది. తర్వాతి కాలంలో కందుకూరి వీరేశలింగం దాన్ని నిందించారు. మగ కవుల శృంగారానికి రాని అభ్యంతరం ఈమె దగ్గరికి వచ్చేసరికి ఎందుకని బెంగుళూరు నాగరత్నమ్మ ఎదురు ప్రశ్న వేశారు. ఆమె పరిష్కరించిన ప్రతిని 1910లో చెన్నపట్నంలోని వావిళ్లవారు అచ్చువేశారు. మరుసటి ఏడే ఆంగ్ల ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. నలభై ఏళ్లకు పైగా గడిచాక సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో రెండు సంపుటాలుగా భారతీయ స్త్రీల రచనల సంకలనం (1991, 1993) న్యూయార్కులో వెలువడింది. ముద్దుపళని అందులో ఉంది. సూసీ తారు హైదరాబాదులో ఇంగ్లిషు బోధించిన ఆచార్యురాలు. 1985లో స్త్రీల అధ్యయన కేంద్రం 'అన్వేషి'ని స్థాపించినవారిలో ఆమె కూడా ఒకరు. పాత తాళపత్రం, పాత చట్టం, కొత్త అనువాదం మూడింటినీ ఒకచోట పెట్టి చదవగలగడమే ఈ చదువులో నేర్పు. ఉద్యోగం పుట్టేదీ అక్కడినుంచే.

ఏ ఉద్యోగం? మొదటిది బోధన. యూజీసీ నెట్‌లో ఇంగ్లిషు, తెలుగు, తులనాత్మక సాహిత్యంతో పాటు స్త్రీల అధ్యయనం కూడా ఒక సబ్జెక్టే. ఎంఏలో 55 శాతం మార్కులుండాలి, వెనుకబడిన వర్గాలకూ ఎస్సీ, ఎస్టీలకూ 50 చాలు. రెండు పేపర్లకు 300 మార్కులు. జేఆర్ఎఫ్ వస్తే పరిశోధనకు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు, ఇది 2023 నుంచి పెరిగిన మొత్తం. అయితే ఒక్క మాట. నెట్ అర్హత మాత్రమే, నియామకం కాదు. కాలేజీ ఖాళీలు ఏటా పడవు. కాబట్టి బీఈడీ కూడా చేసి పెట్టుకోమని మేము గట్టిగా చెబుతాం.

బడి బయట కూడా పని ఉంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కమిటీలో బయటి సభ్యులొకరు ఉండాలి, ఉద్యోగులకు అవగాహన తరగతులు నడపాలి. ఈ పనికి చట్టం చదివినవాళ్లతో పాటు జెండర్ గురించి తెలిసినవాళ్లూ కావాలి. స్వచ్ఛంద సంస్థలు, పత్రికలు, ప్రచురణ సంస్థలు, అనువాద సంస్థలు ఉన్నాయి. సివిల్స్ రాసేవారు తెలుగు సాహిత్యాన్నే ఐచ్ఛికంగా తీసుకోవచ్చు, దానికి 500 మార్కులు.

అనువాదంలో మన పిల్లలకు ఒక అదనపు బలం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లిషు. మూడూ రాయడం వస్తేనే అది బలం, మాట్లాడటం ఒక్కటే చాలదు. తమిళాన్ని దూరం పెట్టవద్దని కూడా అందుకే అంటున్నాం. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షల్లో తమిళ పేపరులో 40 శాతం తప్పనిసరి అని 2021 డిసెంబరులో ఉత్తర్వు వచ్చింది. తెలుగు కోసం పోరాడుతూనే తమిళం నేర్చుకోవాలి, ఇందులో పరస్పర విరోధం మాకేమీ కనిపించదు.

ఎక్కడ చదవాలంటే, సరిహద్దు దాటితే తిరుపతిలో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉంది. చెన్నైలో మద్రాసు విశ్వవిద్యాలయం, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ ఉన్నాయి. ఇల్లు విడిచి వెళ్లలేని ఆడపిల్లలకు ఇగ్నోలో స్త్రీ, జెండర్ అధ్యయనంలో ఎంఏ దూరవిద్యగా దొరుకుతుంది. చేర్చే ముందు ఆ కోర్సు ఏ పరీక్షకు, ఏ పదవికి అర్హతగా పనికొస్తుందో ప్రవేశ ప్రకటనలో చదివి చూడండి. ఉపాధ్యాయులు పదకొండో తరగతిలోనే ఈ మాట తల్లిదండ్రులకు చేరవేస్తే, ఫలితాల రోజు హడావుడిలో దరఖాస్తు గడువు తప్పిపోదు.